చెరువు అడుగు మట్టిలోని బాక్టీరియా: మన సిఫారసులలో వాటికి చోటెక్కడ?

గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఏప్రిల్, మే నెలలలో చెరువులు, కుంటలు అడుగంటగానే ట్రాక్టర్లు వాటిలోకి దిగుతాయి. పూడిక మట్టి పత్తి, మిరప పొలాలకు చేరుతుంది. తరతరాలుగా ఉన్న ఈ ఆచారానికి 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘నీరు–చెట్టు’, అదే సంవత్సరం తెలంగాణలో మొదలైన ‘మిషన్ కాకతీయ’ ప్రభుత్వ కార్యక్రమాల స్థాయిని కల్పించాయి. మిషన్ కాకతీయ ఒక్కటే 46 వేలకు పైగా చెరువులను, కుంటలను లక్ష్యంగా పెట్టుకొన్నది. అప్పటి నుండి విస్తరణ శాస్త్రవేత్తలను రైతులు తరచుగా అడిగే ప్రశ్నలలో “ఎకరానికి ఎన్ని ట్రక్కుల చెరువు మట్టి తోలాలి?” అనేది ఒకటయింది.

ఈ ప్రశ్నకు మనం సాధారణంగా నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం, బంకమట్టి శాతం ఆధారంగా సమాధానం చెబుతాము. ఆ సమాధానం తప్పు కాదు, అసంపూర్ణం. చెరువు అడుగు మట్టి పోషకాల మూట మాత్రమే కాదు. ఎన్నో జాతుల బాక్టీరియా ఒకదానిపై ఒకటి ఆధారపడి నిరంతరం పనిచేసే స్థలమది. చెరువులో నీటి కింద ఉన్నంతకాలం అవి చేసే పని వేరు. మట్టి ఎండి పొలంలో పరచుకొన్న తరువాత చేయగలిగే పని వేరు. ఈ తేడాను గుర్తించని సిఫారసు కొన్ని పొలాలకు మేలు చేస్తుంది, కొన్నింటికి అనవసర వ్యయం మిగులుస్తుంది, కొన్ని చోట్ల పురుగుమందుల అవశేషాలను చెరువు నుండి తిరిగి పొలానికి చేరుస్తుంది. అందువలన పూడిక మట్టి సిఫారసులో సూక్ష్మజీవ పరిశీలనను, అవశేషాల పరీక్షను భాగం చేయవలసిన సమయం వచ్చిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అడుగు మట్టిలో జరిగే పని

మంచినీటి చెరువు అడుగున ఆక్సిజన్ మట్టిలోకి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే చొరబడుతుంది. పై పొరలోని బాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే క్రమంలో దానిని వాడుకొంటాయి. ఆ కింద ఆక్సిజన్ లేదు. అయినా శ్వాసక్రియ ఆగదు. ఆక్సిజన్‌కు బదులుగా అక్కడి బాక్టీరియా మొదట నైట్రేటును, తరువాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను, ఆపైన సల్ఫేటును వాడుకొంటాయి. ఇవన్నీ తీరిపోయిన చోట మీథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులు పని అందుకొంటాయి. ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ జీవులకు దక్కే శక్తి తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది.

ఈ మెట్లలో ప్రతిదానికీ వ్యవసాయంతో సంబంధం ఉన్నది. నైట్రేటును వాడుకొనే బాక్టీరియా దానిని చివరకు నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదలుతాయి. మిరపకు వేసిన ఎరువులలో పైరు తీసుకోగా మిగిలిన నైట్రేటు వాననీటితో చెరువు చేరినప్పుడు దానిని తగ్గించేది ఈ బాక్టీరియాయే. తాగునీటిలో నైట్రేటుకు మన దేశంలో లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి ఉన్నది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో నిండే చెరువులనే వేసవిలో తాగునీటికి నమ్ముకొన్న గ్రామాలు ఈ మైదానంలో ఉన్నాయి కనుక ఈ సేవ విలువను తక్కువగా అంచనా వేయరాదు.

ఇనుమును వాడుకొనే బాక్టీరియా సంగతి మరింత ఆసక్తికరం. 1987లో డెరెక్ లవ్లీ, ఆయన సహచరులు అమెరికాలోని పోటోమాక్ నది మంచినీటి అడుగు మట్టి నుండి ఒక బాక్టీరియాను వేరుచేశారు. తరువాత దానికి జియోబాక్టర్ మెటల్లిరెడ్యూసెన్స్ అని పేరు పెట్టారు. సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించి, ఆ ఎలక్ట్రాన్లను ఇనుము ఆక్సైడుకు అందించడం దాని జీవన విధానం. ఇనుము ఇలా క్షయకరణం చెందినప్పుడు దానికి అంటిపెట్టుకొని ఉన్న భాస్వరం నీటిలోకి విడుదలవుతుంది. అదే మట్టిని ఎండబెట్టి గాలి తగలనిస్తే ఇనుము తిరిగి ఆక్సీకరణ చెంది భాస్వరాన్ని గట్టిగా పట్టుకొంటుంది. పూడిక మట్టి విశ్లేషణలో కనిపించిన మొత్తం భాస్వరం పైరుకు అందే భాస్వరం ఎందుకు కాదో దీనివలన తెలుస్తుంది. సున్నం అధికంగా ఉన్న నల్లరేగడిలో ఈ చిక్కు రెట్టింపవుతుంది.

నీటి అడుగున వెలుతురు సోకే చోట ఊదారంగు కిరణజన్య సంయోగ బాక్టీరియా ఉంటాయి. వీటి అధ్యయనంలో తెలుగునేలకు ప్రత్యేక స్థానం ఉన్నది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన చింతలపాటి వెంకట రమణ, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన చింతలపాటి శశికళ, వారి విద్యార్థులు భారతీయ జలాశయాల నీటి నుండి, అడుగు మట్టి నుండి ఈ వర్గంలో అనేక కొత్త జాతులను వేరుచేసి, నామకరణం చేసి ప్రపంచానికి పరిచయం చేశారు. బురదలోని జీవులను గుర్తించి వర్గీకరించే నైపుణ్యం మనవద్దనే ఉన్నదని ఈ కృషి నిరూపించింది. ఆ నైపుణ్యాన్ని పొలం గట్టు వరకు తీసుకురావడం వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయవలసిన పని.

మైదానపు చెరువులకు చేరేది ఏమిటి?

పత్తి, మిరప పైర్లు పురుగుమందుల చరిత్రను తమ వెంట తెచ్చుకొన్నాయి. 1980లలో సింథటిక్ పైరెథ్రాయిడ్ల మితిమీరిన వాడకం, తెల్లదోమ ఉద్ధృతి, శనగపచ్చ పురుగు నిరోధక శక్తి కలసి ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులను 1987–88లో ఆత్మహత్యల వరకు నెట్టాయి. 2021లో మిరపపై నల్ల తామర పురుగు, అనగా త్రిప్స్ పార్విస్పైనస్, విరుచుకుపడినప్పుడు రైతులు దొరికిన మందునల్లా పిచికారి చేశారు. వ్యవసాయంలో డి.డి.టి. వాడకం 1989లో ఆగింది, బి.హెచ్.సి. 1997లో నిషిద్ధమయింది; మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లో ఆదేశించారు; ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే నెలలో నిలిపివేసింది. మందులు మారినా వాటిలో కొంత భాగం చేరే చోటు మారలేదు. వాన పడితే పొలం నీరు వాగుకు, వాగు నీరు చెరువుకు చేరుతుంది.

అయితే చెరువు చేరిన మందులన్నీ బురదలో చిక్కవు. క్లోరిపైరిఫాస్ సేంద్రియ పదార్థానికి గట్టిగా అంటుకొంటుంది. కోతకు గురైన మట్టితోనే ప్రయాణించి అడుగున పేరుకొంటుంది. డి.డి.టి., పైరెథ్రాయిడ్లు కూడా ఈ కోవకే చెందుతాయి. మోనోక్రోటోఫాస్ నీటిలో బాగా కరుగుతుంది. అది మట్టిని వదలి నీటితోనే పోతుంది. తాగునీటి ప్రమాణాలలో దీని పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము మాత్రమే. కావున నీటి నమూనాలో ఏమీ కనబడలేదన్నంత మాత్రాన అడుగు మట్టి శుభ్రమని చెప్పలేము. అడుగు మట్టి శుభ్రంగా ఉన్నంత మాత్రాన నీరు శుభ్రమనీ చెప్పలేము. పరీక్షించవలసిన మందును బట్టి నమూనా దేని నుండి తీయాలో నిర్ణయించుకోవాలి. విద్యార్థులు ఈ మొదటి పాఠాన్ని ప్రయోగశాలకు పోకముందే నేర్చుకోవాలి.

సేతునాథన్ పరిశోధన చెప్పే పాఠం

పురుగుమందును ఆహారంగా చేసుకొనే బాక్టీరియా ఉన్నదన్న వార్త పాతదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త ఎన్. సేతునాథన్, తన సహచరుడు టి. యోషిదాతో కలసి 1973లో డయాజినాన్ అనే ఆర్గానోఫాస్ఫరస్ మందును విచ్ఛిన్నం చేసే ఫ్లేవోబాక్టీరియంను వరిమడి నుండి వేరుచేసి ప్రకటించారు. ఆ బాక్టీరియాను ఇటీవలి వర్గీకరణలో స్ఫింగోబియం ఫ్యూలిజినిస్ అని పిలుస్తున్నారు. నీరు నిలిచిన వరిమడి అడుగు, చెరువు అడుగు దాదాపు ఒకే కుటుంబానికి చెందిన ఆవాసాలు కనుక ఈ ఆవిష్కరణ మన చర్చకు నేరుగా వర్తిస్తుంది.

ఆ పరిశోధన వెనుక ఉన్న కారణాన్ని గుర్తుంచుకోవాలి. ఒకే మడిలో డయాజినాన్‌ను పదేపదే వేసినప్పుడు అది త్వరగా మాయమవడం, పురుగుపై దాని ప్రభావం తగ్గడం గమనించారు. మందును తినగల బాక్టీరియా మందు వేసేకొద్దీ పెరిగింది. పర్యావరణం దృష్టిలో ఇది శుద్ధి. సస్యరక్షణ దృష్టిలో మందు వ్యర్థం. ఒకే జీవి చేసిన ఒకే పనికి రెండు అర్థాలు! మందు పనిచేయలేదని మోతాదు పెంచే రైతుకు, పురుగు నిరోధక శక్తితో పాటు ఈ కారణం కూడా ఉండవచ్చునని, ముఖ్యంగా నేలలో వేసే మందుల విషయంలో, మనం చెప్పాలి.

ఈ విచ్ఛిన్నానికి కారణమైన జన్యువు కథ మరింత విశేషమైనది. ఫిలిప్పీన్స్ బాక్టీరియాలోను, అమెరికాలో దొరికిన సూడోమోనాస్ డిమిన్యూటాలోను ఈ జన్యువు ఒకే విధంగా ఉన్నది. అది ఉన్న ప్లాస్మిడ్లు మాత్రం వేరు. వేల మైళ్ల దూరంలోని రెండు వేర్వేరు జీవులకు ఒకే జన్యువు ఎలా చేరింది? అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోను, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోను పనిచేసిన దయానంద సిద్దవట్టం బృందం ఈ ప్రశ్నను పట్టుకొన్నది. జన్యువు చుట్టూ ట్రాన్స్‌పోజాన్ వంటి అమరిక ఉన్నదని, అంటే ఒక జీవి నుండి మరొక జీవికి కదలగల నిర్మాణంలో అది ఇమిడి ఉన్నదని 2003లో ఆ బృందం చూపింది. దీని ఆచరణాత్మక భావం ఇది: పురుగుమందును విచ్ఛిన్నం చేసే శక్తి ఒకే జాతి సొత్తు కాదు, అది బురదలోని సమాజంలో చేతులు మారుతుంది. కనుక ఒక జాతిని సీసాలో పెట్టి పొలానికి మోయడం కంటే, ఆ సమాజం బ్రతికే పరిస్థితులను కాపాడడమే అర్థవంతమైన మార్గం.

అనంతపురం విశ్వవిద్యాలయంలోనే 1980లలో కె. వెంకటేశ్వర్లు, ఎం. మేఘరాజ్ తదితరులు మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ మందులను నేలలోని శైవలాలు ఎలా మార్చివేస్తాయో అధ్యయనం చేశారు. మన పత్తి పొలాలలో అప్పట్లో విరివిగా వాడిన మందులే అవి. అంటే ఈ విషయంలో మనకు విదేశీ ఉదాహరణలపై మాత్రమే ఆధారపడవలసిన అగత్యం లేదు.

మూడు తొందరపాటు నిర్ధారణలు

పై జ్ఞానం నుండి మూడు తొందరపాటు నిర్ధారణలు పుడుతున్నాయి. రైతు సమావేశాలలో, ప్రచార సామగ్రిలో ఇవి తరచు వినబడుతున్నాయి కనుక ఒక్కొక్కదానిని పరిశీలించడం అవసరం.

మొదటిది, “బాక్టీరియా మందును విచ్ఛిన్నం చేస్తే విషం పోయినట్లే” అనే భావన. విచ్ఛిన్నం వేరు, విషరహితం కావడం వేరు. క్లోరిపైరిఫాస్ జలవిశ్లేషణ చెందితే ట్రైక్లోరోపిరిడినాల్ ఏర్పడుతుంది. అది మాతృపదార్థం కంటే నీటిలో ఎక్కువగా కదులుతుంది. సూక్ష్మజీవులను అణచివేసే గుణమూ దానికి ఉన్నది. మందును కోసిన బాక్టీరియానే ఆ ముక్క దెబ్బతీయగలదు. ఎండోసల్ఫాన్ ఆక్సీకరణ చెందితే ఏర్పడే ఎండోసల్ఫాన్ సల్ఫేటు మాతృపదార్థమంత విషపూరితమైనది, దానికంటే ఎక్కువకాలం నిలిచేది. అదే జలవిశ్లేషణ మార్గంలో పోతే ఏర్పడే డయోల్ విషం చాలా తక్కువ. డి.డి.టి. ఆక్సిజన్ లేని బురదలో డి.డి.డి.గా, గాలి తగిలే నేలలో డి.డి.ఇ.గా మారుతుంది, రెండూ ఏళ్ల తరబడి నిలిచేవే. కాబట్టి అవశేషాల పరీక్షలో మాతృపదార్థాన్ని మాత్రమే వెదకి, అది లేదని నిశ్చింతగా ఉండడం సరికాదు. ఇక ఎంజైముల విషయానికి వస్తే, పారాథయాన్ వర్గాన్ని చకచకా కోసే ఆర్గానోఫాస్ఫరస్ హైడ్రోలేజ్, క్లోరిపైరిఫాస్‌పై అనేక వందల రెట్లు నెమ్మదిగా పనిచేస్తుంది. “పురుగుమందులను తినే బాక్టీరియా” అనే ఏకవచన ప్రయోగం శాస్త్రీయం కాదు. ఏ బాక్టీరియా, ఏ మందును, ఏ పరిస్థితిలో, ఏ పదార్థం వరకు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం లేనిదే ఆ మాట అనరాదు.

రెండవది, “చెరువు బాక్టీరియా మట్టితోపాటు పొలానికి వచ్చి అక్కడా అదే పని చేస్తుంది” అనే ఆశ. అడుగు మట్టిని మే నెల ఎండలో కట్ట మీద కుప్పపోసి, పొలంలో పలుచగా పరచినప్పుడు ఆక్సిజన్ సోకితే చనిపోయే బాక్టీరియాలో అధికభాగం నశిస్తుంది. సిద్ధబీజాలు ఏర్పరచుకొనేవి నిద్రావస్థలోకి పోతాయి. నల్లగా ఉన్న బురద నాలుగు రోజులలో గోధుమరంగుకు మారడం ఈ మార్పుకు కంటికి కనిపించే సాక్ష్యం. ఆ నలుపు ప్రధానంగా ఐరన్ సల్ఫైడ్ వలన వచ్చినది, గాలికి ఆక్సీకరణ చెంది పోతుంది. ఆక్సిజన్ లేని చోట క్లోరిన్ పరమాణువులను ఊడదీసే పని అంతటితో ఆగిపోతుంది. చెరువులో నెమ్మదిగానైనా మారుతున్న అవశేషం పొలంలో మారకుండా నిలిచిపోవచ్చు. అదే సమయంలో గాలి కోరుకొనే బాక్టీరియాకు మంచిరోజులు వస్తాయి. ఎండిన మట్టి తొలకరికి తడిసినప్పుడు చనిపోయిన సూక్ష్మజీవుల దేహాలు, సేంద్రియ పదార్థం వేగంగా ఖనిజీకరణ చెంది నత్రజని ఒక్కసారిగా విడుదలవుతుంది. 1958లో హెచ్.ఎఫ్. బిర్చ్ తూర్పు ఆఫ్రికా నేలల ఆధారంగా వివరించినందున దీనిని బిర్చ్ ప్రభావం అంటారు. పూడిక మట్టి తోలిన సంవత్సరం పైరు తొలిదశలో ముదురు పచ్చగా కనబడడానికి ఇది ఒక కారణం. దానిని గమనించకుండా మొదటి దఫా యూరియాను యథాతథంగా వేస్తే లేత ఆకు పెరిగి రసం పీల్చే పురుగులకు విందు అవుతుంది. మళ్లీ మందు పిచికారి తప్పదు. చెరువు మట్టితో మొదలైన కథ చెరువు కాలుష్యంతో ముగుస్తుంది.

మూడవది, “చెరువు మట్టి ఏ నేలకైనా మంచిదే” అనే సార్వత్రిక సిఫారసు. పూడిక మట్టి ప్రధాన బలం దాని బంకమన్ను. పశ్చిమ ప్రకాశంలోని ఎర్ర, ఇసుక నేలలకు అది తేమను పట్టి ఉంచే శక్తిని ఇస్తుంది. గుంటూరు నల్లరేగడిలో బంకమన్ను ముందే సమృద్ధిగా ఉన్నది; అక్కడ ఎక్కువ మట్టి తోలడం వలన నీరింకే వేగం, వేళ్లకు గాలి అందడం మెరుగుపడవు. మెదక్ జిల్లా పూడిక మట్టిలోని పోషకాలకు ఎరువుల ధరలతో పోల్చి విలువ కట్టిన ఇక్రిశాట్ వారి 2003 నాటి అధ్యయనాన్ని మనం తరచు ఉదహరిస్తాము. అది విలువైన అధ్యయనమే. కాని మెదక్ నేలలు, పైర్లు, పరీవాహక ప్రాంతం వేరు. మందులు అంతగా వాడని మెట్ట పైర్ల ప్రాంతపు చెరువు లెక్కను మిరప ప్రాంతపు చెరువుకు నేరుగా అన్వయించడం న్యాయం కాదు.

గుండ్లకమ్మ వెంట ఒక తులనాత్మక అధ్యయనం

విమర్శతో ఆగక, చేయదగిన పనిని సూచించడం అవసరం. ప్రకృతి, చరిత్ర కలసి మనకు ఒక చక్కని ప్రయోగక్షేత్రాన్ని సిద్ధం చేసి ఉంచాయి. అది గుండ్లకమ్మ నది.

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ మొదట కంభం చెరువును నింపుతుంది. విజయనగర కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి నిర్మించిన ఈ చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. దాని ఎగువన అడవి, కొండ అధికం. అక్కడి నుండి నది మార్కాపురం, వినుకొండ ప్రాంతాల మీదుగా, పత్తి, మిరప, కంది, పొగాకు పండే పొలాల మధ్యగా, అద్దంకి దాటి మల్లవరం వద్ద గుండ్లకమ్మ జలాశయాన్ని చేరుతుంది. ఆపైన ఒంగోలు సమీపంలో సముద్రంలో కలుస్తుంది. అనగా ఒకే నదిపై, ఎగువన అడవి నీరు చేరే ఒక పురాతన చెరువు, దిగువన సేద్యపు నీరు చేరే ఒక ఆధునిక జలాశయం ఉన్నాయి. ఈ రెండింటి అడుగు మట్టిని, మధ్యలోని చిన్న చెరువుల అడుగు మట్టిని ఒకే పద్ధతిలో, ఒకే కాలంలో పరీక్షిస్తే పురుగుమందుల ఒత్తిడి బాక్టీరియా సమాజాన్ని ఎలా మార్చిందో మన నేల మీదనే, మన పైర్ల సందర్భంలోనే తెలుస్తుంది.

ఈ పనికి ఖరీదైన జన్యు విశ్లేషణతోనే మొదలుపెట్టనక్కరలేదు. ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి దించి పొరలు చెదరకుండా తీసిన నమూనా, ఆక్సీకరణ–క్షయకరణ సామర్థ్యాన్ని కొలిచే చిన్న మీటరు, ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, డీహైడ్రోజినేజ్ చర్య మొదటి అంచెకు చాలు. టెట్రజోలియం లవణాన్ని బతికున్న సూక్ష్మజీవులు ఎర్రని ఫార్మజాన్‌గా మార్చడంపై ఆధారపడిన డీహైడ్రోజినేజ్ పరీక్షను డిగ్రీ విద్యార్థి కూడా చేయగలడు. తెలిసిన బరువున్న నూలు గుడ్డ పేలికను మట్టిలో పాతి, కొన్ని వారాల తరువాత ఎంత కుళ్ళిందో తూచడం అంతకన్నా తేలిక. పత్తి పండే సీమలో నూలు గుడ్డకు కొదవ లేదు. రెండవ అంచెలో ఎంపిక చేసిన నమూనాలకు అవశేషాల విశ్లేషణ, మూడవ అంచెలో బాక్టీరియా జన్యు విశ్లేషణ జరపవచ్చు.

చివరి సంవత్సరం వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో నివసిస్తారు. ఒక్కొక్క బృందం తమ గ్రామపు చెరువును దత్తత తీసుకొని మొదటి అంచె పరీక్షలు జరిపితే, లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం, ఏరువాక కేంద్రాలు ఆ సమాచారాన్ని కూర్చగలవు. కొన్నేళ్లలో ఈ మైదానపు చెరువులకు ఒక సూక్ష్మజీవ పటం ఏర్పడుతుంది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ ప్రతిపాదనకు రెండు ఆక్షేపణలు సహజంగా వస్తాయి. పూడిక తీసేందుకు ఉన్న వ్యవధి కొద్ది వారాలే. పరీక్షల కోసం ఆగితే తొలకరి వచ్చేస్తుందన్నది ఒకటి. రైతుపై మరొక ఖర్చు మోపుతున్నామన్నది రెండవది. రెండింటిలోనూ నిజం ఉన్నది. అయితే పరీక్ష రైతువారీగా కాదు, చెరువువారీగా జరగాలి. ఒక చెరువు నుండి అలుగు, తూము, నడిమి లోతు, వాగు కలిసే చోటు అనే నాలుగు స్థానాలలో తీసిన నమూనాలు ఆ చెరువు మట్టిని తోలుకొనే రైతులందరికీ ఉపయోగపడతాయి. నమూనాలను జనవరి, ఫిబ్రవరి నెలలలో నీరు తగ్గుతున్నప్పుడే తీస్తే ఏప్రిల్ నాటికి ఫలితం చేతిలో ఉంటుంది. ఖర్చు పూడికతీత అంచనాలో ఒక చిన్న పద్దుగా చేరాలి గాని రైతు జేబు నుండి రాకూడదు.

2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార కార్డులో పన్నెండు అంశాలు ఉన్నాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం. ఇందులో జీవ సంబంధమైన పరీక్ష ఒక్కటీ లేదు. అవశేషాల పరీక్ష లేదు. పొలం మట్టికి ఈ లోటును కొంత క్షమించవచ్చు. పరీవాహక ప్రాంతమంతటి కడుగునీరు చేరే చెరువు మట్టికి ఇది పెద్ద లోటు. పూడిక మట్టికి ప్రత్యేకంగా ఒక ‘చెరువు మట్టి కార్డు’ రూపొందించాలి. అందులో పన్నెండు అంశాలతోపాటు బంకమన్ను శాతం, డీహైడ్రోజినేజ్ చర్య, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న రెండు మూడు మందుల అవశేషాలు, వాటి ప్రధాన విచ్ఛిన్న పదార్థాలు ఉండాలి. ఆ మట్టి ఏ నేలకు తగును, ఏ నేలకు తగదు అన్నది కార్డు మీద ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయాలి.

ఆచరణలో మరి కొన్ని జాగ్రత్తలను ఇప్పటి నుండే సిఫారసు చేయవచ్చు. చెరువు అడుగును గట్టి నేల తగిలేవరకు గీకివేయక కొంత మెత్తని పొరను, ముఖ్యంగా లోతైన మడుగుల వద్ద, వదలాలి; మరుసటి వానకు బాక్టీరియా సమాజం తిరిగి పుంజుకొనేందుకు అది విత్తనం వంటిది. తాగునీటి చెరువులలో ఇది మరింత ముఖ్యం. తవ్విన మట్టిని వెంటనే పైరు వేసే పొలంలో పరచక గాలి తగిలేలా కొంతకాలం మాగనివ్వాలి. పిచికారి యంత్రాలను, మందు డబ్బాలను చెరువులో, కాలువలో కడగడం ఆపించాలి. వాగు చెరువులో కలిసే చోట తుంగ, జమ్ము వంటి మొక్కలను నిర్మూలించక కొంత మేర ఉంచాలి. వాటి వేళ్ల చుట్టూ ఆక్సిజన్ ఉన్న చోటు, లేని చోటు పక్కపక్కనే ఏర్పడతాయి కనుక రెండు రకాల బాక్టీరియాకూ అక్కడ ఆశ్రయం దొరుకుతుంది.

ముగింపు

చెరువు అడుగు బాక్టీరియా మన తప్పులను కడిగివేసే ఉచిత సేవకురాలు కాదు. దాని సామర్థ్యానికి హద్దులు ఉన్నాయి; అది పని చేయడానికి సమయం, తగిన పరిస్థితులు కావాలి. మందుల వాడకం తగ్గించకుండా, బాక్టీరియా చూసుకొంటుందని చెప్పడం రైతును తప్పుదారి పట్టించడమే. సమగ్ర సస్యరక్షణకు బాక్టీరియా ప్రత్యామ్నాయం కాదు. సమగ్ర సస్యరక్షణ సఫలమైన చోటనే అది తన పని తాను చేసుకోగలదు.

మరొక పక్క, ఆ బాక్టీరియాను లెక్కించకుండా పూడిక మట్టిని ఘనపు మీటర్లలో, ట్రక్కులలో మాత్రమే కొలవడం శాస్త్రానికి తగదు. పూడికతీతకు వెచ్చించే ప్రజాధనం, మిరప ఎగుమతులలో అవశేషాల పరిమితులు, గ్రామాల తాగునీరు అనే మూడు విషయాలు ఈ బురద దగ్గర కలుసుకొంటున్నాయి. వచ్చే జనవరిలో ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క చెరువు నుండి నాలుగు నమూనాలు తీసినా, ఎన్ని ట్రక్కులు తోలాలన్న రైతు ప్రశ్నకు అదే చెరువును చూసి సమాధానం చెప్పే రోజు దగ్గరవుతుంది.